పోరంబోకు, మందబయలు, పార్కు స్థలం

పోరంబోకు అన్న మాటను మనవాళ్ళు తిట్టుగానే వాడతారు. పనీపాటా లేకుండా తిరిగే కుర్రవాణ్ణి ఇంట్లో పెద్దవాళ్ళు పిలిచే పేరది. అయితే ఆ మాట పుట్టింది తిట్టుగా కాదు, రెవిన్యూ లెక్కల్లో. తమిళంలో పుఱం అంటే వెలుపల, పోక్కు అంటే పోవడం. శిస్తు లెక్కకు వెలుపల పోయిన నేల పోరంబోకు. చెరువు, వాగు, బండిబాట, శ్మశానం, మంద నిలిచే బయలు అన్నీ అందులోవే. ఊరందరికీ అక్కరకొచ్చే నేలకు పట్టిన గతి చూడండి. శిస్తు రాదు గనుక పనికిరానిదయింది, పనికిరానిది గనుక తిట్టయింది.

తామరైపాక్కం మదరాసుకు వాయవ్యంగా కొసస్తలై ఏటి ఒడ్డున ఉంది. చిత్తూరు వైపు మనం కుశస్థలి అనేది ఈ ఏటినే. ఇక్కడ ఏటికి అడ్డంగా కట్టిన ఆనకట్ట దగ్గరే నీళ్ళు చోళవరం చెరువుకు, అక్కణ్ణుంచి పుళల్ చెరువుకు మళ్ళుతాయి. 1872 నాటి మదరాసు మంచినీటి పథకానికి మొదలు ఇదే. ఈ ఏరు నూటయాభై ఏళ్ళుగా పట్నం దాహం తీరుస్తోంది. ఇప్పుడు పట్నమే లేఅవుట్లుగా, గులకరాళ్ళకు సున్నం పూసిన ప్లాట్లుగా ఈ వైపుకు నడిచి వస్తోంది. 2022లో చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 చదరపు కిలోమీటర్ల నుండి 5,904కు పెంచుతూ ఉత్తర్వు వెలువడింది.

ఉమ్మడి నేలను లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. 1767 నుండి 1774 వరకు థామస్ బర్నార్డ్ అనే ఇంజనీరు కుంఫిణీ తరఫున చెంగల్పట్టు జాగీరు గ్రామాలన్నిటినీ సర్వే చేశాడు. సాగునేలతోబాటు ఇళ్ళ స్థలాలు, చెరువులు, అడవులు, బీళ్ళు కూడా ఆ లెక్కల్లోకి ఎక్కాయి. 1905లో మదరాసు ప్రభుత్వం ఆక్రమణల చట్టం చేసి, బాటలు, ఏటి గర్భాలు, ఎవరి సొంతమూ కాని నేలలు సర్కారు ఆస్తి అని ప్రకటించింది. ఊరిది అనుకున్నది ఆ రోజుతో సర్కారుదయింది. తిరుత్తణి వైపు కథ కొంచెం వేరు. అది కార్వేటినగరం జమీ. అక్కడి ఉమ్మడి నేలలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో సర్కారుకు చేరాయి. 1960 ఏప్రిల్ 1న తాలూకా చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రానికి మారినప్పుడు గ్రామ లెక్కల భాషా మారింది. ఏ బయలును ఏ పేరుతో పిలిచేవారో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఇక నేటి నిబంధన. 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టానికి బదులుగా తమిళనాడు 1971లో కొత్త చట్టం చేసుకుంది. దాని కింద వచ్చిన నియమాల సారం ఇది: స్థలం 3,000 చదరపు మీటర్లు దాటితే బాటలు పోగా మిగిలినదాంట్లో పదోవంతును అందరి ఆటపాటలకు వదలాలి. 10,000 దాటితే ఆ భాగాన్ని దానపత్రం రాసి స్థానిక సంస్థకు ఉచితంగా ఒప్పజెప్పి తీరాలి. ఆ రెంటి నడుమ ఉంటే నేలకు బదులు దాని విలువ కట్టినా చాలు. 2019లో రాష్ట్రమంతటికీ తెచ్చిన ఉమ్మడి నియమాల్లోనూ ఇదే ఉంది. ఉచితంగా ఇమ్మనడం అన్యాయమని కొందరు కోర్టుకెక్కితే, 2023లో సుప్రీంకోర్టు నిబంధన చెల్లుతుందనే చెప్పింది.

నాకు ఈ నిబంధన మీద గౌరవమే. ఒకప్పుడు పత్రం లేకుండా అందరిదైన నేల ఇప్పుడు పత్రంతోనైనా అందరిదవుతోంది. నా గుబులు కొలత దగ్గర. మూడెకరాల తోట లేఅవుటయిందనుకోండి. అది సుమారు 12,140 చదరపు మీటర్లు. బాటలకు పావువంతు పోతే 9,100. అందులో పదోవంతు 910. అంటే ఇరవైరెండున్నర సెంట్లు. పిల్లలకు ఉయ్యాల, ముసలివాళ్ళకు రెండు బెంచీలు పడతాయి. నేలకు బదులు డబ్బు కట్టిన చోట అవీ ఉండవు.

మన ఊళ్ళలో ద్రౌపదమ్మ తిరునాళ్ళు చూసినవారికి చెప్పనక్కరలేదు. పద్దెనిమిది నాళ్ళ భారతానికి బయలు కావాలి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు ఎక్కే తపసుమాను నాటాలి, దాని చుట్టూ బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు సాష్టాంగపడేందుకు చోటుండాలి. చివరినాడు మట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు, పదుల అడుగుల పొడవున. భీముడు ఆ బొమ్మ చుట్టూ పరుగెత్తి తొడ విరగ్గొట్టాలి, జనం నాలుగు వైపులా నిలవాలి. ఆ పక్కనే నిప్పులగుండం. ఇరవైరెండు సెంట్ల కంచె లోపల దుర్యోధనుడు పడుకుంటే భీముడికి పరుగెత్తే దారేదీ? తెలుగూ తమిళమూ కలగలిసి వినిపించే భారతం అది. బయలు చిన్నదైతే ఆటా చిన్నదవుతుంది, ఆ పాటలూ కొన్ని రాలిపోతాయి.

కొసస్తలై సముద్రంలో కలిసేది ఎన్నూరు దగ్గర. ఆ కయ్య పూడిపోతున్న సంగతి మీదే 2017లో టి.ఎం. కృష్ణ పోరంబోకు పాట పాడారు. తిట్టుమాట కచేరీ బాణీలో వినిపించేసరికి చాలామంది ఉలిక్కిపడ్డారు. ఏటి ఎగువన ఉన్న మనం వంతుగా ఒక చిన్న పని చేయవచ్చు. మీ ఊరి మందబయలుకు, మేత పోరంబోకుకు, భారతం ఆడే దిబ్బకు ఇంట్లో పెద్దలు ఏ తెలుగు పేరు పెట్టి పిలిచేవారో అడిగి, సర్వే నంబరు తెలిస్తే దానితో సహా పత్రికకు ఒక కార్డు రాయండి.