తెలుగు తరగతికి ఒక కరపత్రం

2004లో మేం క్యారీలో పిల్లలకి ఆదివారం తెలుగు తరగతి మొదలుపెట్టాలనుకున్నాం. ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ దొరికింది, చెప్పేవాళ్ళూ దొరికారు. ఇక ఇండియన్ కిరాణా కొట్టు బోర్డు మీద అంటించడానికి కరపత్రం కావాలి. "నువ్వు కంప్యూటర్లవాడివి కదా, నువ్వే చెయ్యి" అన్నారు. ఆ లెక్కన ఆ గదిలో అందరూ కంప్యూటర్లవాళ్ళే. కాకపోతే నాకు కాదనడం ఆలస్యంగా గుర్తొచ్చింది.

మా ఊళ్ళో కరపత్రం అంటే సినిమా రిక్షా. మైకు కట్టిన రిక్షా వెనక పరిగెత్తి గులాబీ రంగు, పచ్చ రంగు పల్చటి కాగితాలు ఏరుకునేవాళ్ళం. అందులో సమాచారం మూడే ముక్కలు: ఏ సినిమా, ఏ హాలు, ఎన్ని ఆటలు. మిగతా పనంతా అక్షరాలు చూసుకునేవి. సినిమా పేరుని ఆర్టిస్టు చేత్తో రాస్తే దాన్ని బ్లాకు చేయించేవారు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళిన ఈశ్వర్ గారు 1967లో బాపు గారి 'సాక్షి'తో మొదలుపెట్టి ఆ పనిలోనే పేరు తెచ్చుకున్నారు. 'సినిమా పోస్టర్' అని పుస్తకం కూడా రాసి, 2021లో వెళ్ళిపోయారు.

నా దగ్గర బ్రష్షు లేదు, పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ ఉన్నాయి. అప్పట్లో తెలుగునాట డీటీపీ అంటే అవే. వాటి చిక్కేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లలో తెలుగు ముక్కల్ని కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనపడేవి పిచ్చి గుర్తులే. నేను ఫైలు పంపాను, ప్రింట్ షాపువాడు 200 కాపీలు తీసేశాడు. అతన్నేమనగలం, మన భాష అలాగే ఉంటుందనుకున్నాడు.

ఇది కొత్త తిప్పలేం కాదు. తొంభైల మొదట్లోనే రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ తయారుచేశారు. 1991 యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు ఊడి పక్కన పడేవి. ఇన్‌డిజైన్‌కి మన లిపులు సరిగ్గా రావడానికి 2012 దాకా పట్టింది.

ఆదివారానికి వారమే ఉంది. మిత్రుడి అమ్మగారు, రిటైరైన టీచరు, విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను అడిగి "మన పిల్లలకి తెలుగు" అని ఇంతేసి అక్షరాలతో రాసిచ్చారు. దాన్ని స్కాన్ చేసి బొమ్మలా అతికించాం. కింద నేను రాసిన మాతృభాష గొప్పదనం నాలుగు పేరాలు చూసి, "ఇదంతా ఎవరు చదువుతారు బాబూ, వాళ్ళు వచ్చేది బెండకాయలకి. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఫీజెంత, అంతే" అని కొట్టేశారు. నాకు కొంచెం కోపమొచ్చింది. మొదటి ఆదివారం తొమ్మిదిమంది పిల్లలొచ్చారు.

ఇప్పుడు ఆ కష్టాలేవీ లేవు. సిలికానాంధ్ర ప్రచురించిన రామభద్ర, మండలి, పెద్దన, తిమ్మన గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా నా వాట్సాప్‌కి వచ్చే ఫ్లయర్లలో పైన "ఉగాది శుభాకాంక్షలు" తప్ప మిగతాదంతా ఇంగ్లీషే. ఫాంట్లు లేని పదిహేనేళ్ళలో మనకి ఇంగ్లీషులో వేసుకోవడం అలవాటైపోయింది, ఫాంట్లు వచ్చాక ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందులో నేనూ ఉన్నాను.

పోయిన సెప్టెంబరులో తరగతికి మళ్ళీ కరపత్రం వేశాం, రామభద్రలో, నలభై కాపీలు. అడుగున ఫోన్ నంబరు చింపుకెళ్ళడానికి తోకలు కత్తిరించాం. వారం తర్వాత కొట్లో చూస్తే మూడు తోకలు పోయి ఉన్నాయి. వాటిలో ఒకటి నేనే చింపాను, మొదటిది చింపడానికి ఎవరికైనా మొహమాటంగా ఉంటుందని.