అలవాటైతది అంటారు గానీ, ఒంట్లో గడియారం వినదు

గల్ఫ్‌లో నైట్ డ్యూటీ పడ్డ మా అందరికీ మొదటి వారం వినిపించే మాట ఒక్కటే: "పది రోజులైతే అదే అలవాటైతది." ఏండ్లు గడిచినా మాలో చాలామందికి పగలు నాలుగైదు గంటలకు మించి నిద్ర పట్టదు. ఇది మా బద్ధకమా, ఒంటి తీరా? ఈ ప్రశ్నకు దాదాపు మూడు వందల ఏండ్ల చరిత్ర ఉంది.

1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా అది పగటి వేళకే ఆకులు విప్పింది, రాత్రికి ముడుచుకుంది.

మరి మనిషి? 1938లో నథానియల్ క్లైట్‌మన్, ఆయన శిష్యుడు రిచర్డ్‌సన్ అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు ఉన్నారు. ఎండ పొడ లేదు. రోజుకు 28 గంటలని లెక్క పెట్టుకుని, ఆ ప్రకారమే పడుకున్నారు, లేచారు. వయసులో చిన్నవాడైన రిచర్డ్‌సన్ ఒళ్లు సర్దుకుంది. నలభై దాటిన క్లైట్‌మన్ ఒంటి వేడి మాత్రం పాత 24 గంటల లెక్కనే పెరిగింది, తగ్గింది. ఒకటే గుహ, ఒకటే టైం, ఇద్దరివి రెండు తీర్లు. "వాడు తట్టుకుంటున్నడు, నీకేమైంది?" అనే సూపర్‌వైజర్లకు ఇదే జవాబు.

మాకైతే గుహ కూడా లేదు. డ్యూటీ దిగి బస్సులో వస్తుంటే కళ్లల్లో పడే పొద్దుటి ఎండ "తెల్లారింది, లే" అని మెదడుకు చెప్తది. రూంకొచ్చి పడుకుందామంటే ఎట్ల పడతది?

ఆ గడియారం జీవకణాల్లో ఎట్ల నడుస్తదో ఈగల మీద పరిశోధించి చెప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. అంతకు ముందే, 2007లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టులను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది.

చట్టం సంగతీ చూద్దాం. నైట్ డ్యూటీ చేసేవాళ్లు అడిగితే ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని, ఒంటికి పడనివాళ్లకు వీలైతే అలాంటిదే వేరే పని ఇవ్వాలని 1990లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం రాసింది. దానికి ఒప్పుకున్న దేశాలు కొన్నే.

అందుకే అన్నలారా, తమ్ముళ్లారా, చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. రూంలో నైట్ వాళ్లు పడుకుంటే లైటు ఆర్పుదాం, కిటికీకి మందం దుప్పటి కడదాం, ఫోన్ బయటికెళ్లి మాట్లాడుదాం. ఇంటికాడ ఉన్నోళ్లకూ చెబుదాం: మధ్యాహ్నం ఫోన్ ఎత్తలేదంటే కోపం కాదు, అది మాకు అర్ధరాత్రి.