వెనుక నిలిచిన మనిషి: పుదుచ్చేరి యాత్రికుల వాహనాలు

జైసల్మేరు సమీపంలోని సమ్ ఇసుకతిన్నెలకు వెళ్ళే యాత్రికుని కోసం రెండు విధాల వాహనాలు వేచి ఉంటాయి. ఒకటి తరతరాలుగా ఎడారి ప్రజల జీవనంలో భాగమైన ఒంటె. రెండవది నిన్నమొన్న వచ్చిన నాలుగు చక్రాల మోటారు బండి. ముకుతాడు పట్టుకొని ఇసుకలో కాలినడకన వచ్చే మనిషి మాత్రం ఛాయాచిత్రంలో ఒక అంచున మిగిలిపోతాడు. ఎడారి లేని పుదుచ్చేరిలో కూడా యాత్రికుని మోసిన మనుషుల చరిత్ర ఒకటి ఉన్నది. అది ఇసుకలో కాక, సముద్రపు అలలలో మొదలవుతుంది.

పుదుచ్చేరికి సహజమైన నౌకాశ్రయం లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. అక్కడి నుంచి ఒడ్డుకు చేరడానికి ప్రయాణికుడు ఫ్రెంచివారు ‘షెలాంగ్’ అనీ, ఆంగ్లేయులు ‘మసూలా’ అనీ పిలిచిన పడవలోకి దిగవలసి వచ్చేది. ఆ పడవకు ఇనుప మేకులు ఉండవు. పలకలను కొబ్బరినార తాళ్ళతో కుట్టేవారు. అల వచ్చి తాకినప్పుడు బిగువైన ఓడ పగిలిపోతుంది; కుట్టిన పడవ దెబ్బకు కొద్దిగా వంగి, మళ్ళీ నిలుస్తుంది. కోరమండల్ తీరపు పల్లెకారుల అనుభవజ్ఞానం అంతా ఆ కుట్టులో ఉన్నది. పడవ తిరగబడితే ప్రయాణికులను పట్టి తీయడానికి తెప్పల మీద మనుషులు పక్కనే వచ్చేవారు. కోరమండల్ తీరంలో దిగిన యూరపు ప్రయాణికుల రచనలలో ఈ అలల భయం తరచుగా కనిపిస్తుంది. తెడ్డు వేసినవారి పేర్లు మాత్రం అరుదు. 1866లో పుదుచ్చేరిలో ఇనుప స్తంభాల వంతెనరేవు వెలసింది. 1952 తుఫానులో అది కూలిపోయింది.

ఒడ్డుకు చేరిన తరువాత పల్లకీ. ఈ మాట వద్ద తెలుగు పాఠకుడు కొంచెం ఆగవలసి ఉన్నది. పల్లకీ మోసేవానికి ఆంగ్లో-ఇండియన్ వ్యవహారంలో ‘బాయ్’ అనే పేరు ఉండేది. ఆ పేరుకు మూలం తెలుగు ‘బోయీ’ అని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతున్నది. వయసు మళ్ళిన మనిషిని కూడా ‘కుర్రవాడా’ అని పిలిచినట్లు వినిపించే ఆ పిలుపు వెనుక ఒక తెలుగు వృత్తినామం దాగి ఉండటం విశేషం. మద్రాసు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీకి వెళ్ళి వచ్చినది పల్లకీలోనే. ఆయన యాత్రాచరిత్ర తెలుగు గద్యానికి అలంకారం. మజిలీ మజిలీకీ ఊరి వివరాలు రాసుకోవడానికి ఆయనకు తీరిక చిక్కిందంటే, ఆ దూరమంతా బోయీల భుజాల మీద దాటినందువల్లనే.

పుదుచ్చేరిలో పల్లకీ ప్రయాణ సాధనం మాత్రమే కాదు, హోదాకు గుర్తు. 1747లో ప్రధాన దుబాసీ అయిన ఆనందరంగ పిళ్ళై తన తమిళ దినచర్యలో ఎవరికి ఎటువంటి మర్యాద జరిగినదో, ఎవరికి ఎన్ని ఫిరంగులు పేల్చారో శ్రద్ధగా నమోదు చేశాడు. కస్తూరి రంగకవి తన ‘ఆనందరంగరాట్ఛందము’ను ఈ పిళ్ళై పేరుమీదనే రచించాడు. ఫ్రెంచి పాలనలోని తమిళ పట్టణంలో ఒక తెలుగు ఛందోగ్రంథానికి ఆదరణ లభించిందన్న సంగతి మనవారు తరచుగా మరచిపోతుంటారు.

పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలకు పరిస్థితి మారింది. 1879లో విల్లుపురం నుంచి రైలుమార్గం వచ్చింది. దిగినవారిని స్టేషను నుంచి ఊరిలోకి, సముద్రతీరానికి చేర్చడానికి పుదుచ్చేరిలో ఒక వింత బండి ప్రసిద్ధికెక్కింది. దాని పేరు పూస్-పూస్. ఫ్రెంచిలో ‘పూసే’ అంటే తోయడం. చక్రాల మీద ఒక కుర్చీ, పైన ఎండకు నీడ. ముందు, కూర్చున్నవారి చేతికి అందేటట్లు ఒక ఇనుప కడ్డీ. ప్రయాణికుడు ఆ కడ్డీతో ముందు చక్రాన్ని తిప్పుతూ దారి చూసుకుంటాడు. వెనుక ఒకరు, కొన్ని సందర్భాలలో ఇద్దరు, బండిని తోస్తారు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళ పుదుచ్చేరి పోస్టుకార్డులలో ఈ బండి కనిపిస్తుంది.

ఈ అమరిక పుదుచ్చేరి వీధులకు బాగా సరిపోయింది. 1693 నుంచి 1699 వరకు ఊరిని ఆక్రమించిన డచ్చివారు గళ్ళు గీసినట్లు వీధుల పథకం వేశారు. తరువాత ఫ్రెంచివారు దానినే అనుసరించారు. నేల చదునైనది, వీధులు సూటిగా సాగేవి. కొత్తగా వచ్చినవారు సైతం కడ్డీ పట్టి బండిని నడపగలరు. కొండ ఊరిలో ఇది సాధ్యం కాదు.

అసలు ఆలోచించవలసిన విషయం మరొకటి. పల్లకీలో కూర్చున్నవానికి బోయీల శ్వాస, పదం వినిపిస్తాయి. చేతిరిక్షాలో లాగేవాని వీపు, దానిపై కారే చెమట కళ్ళ ఎదుటే ఉంటాయి. పూస్-పూస్‌లో మనిషి వెనుక ఉంటాడు. ప్రయాణికుని చూపుకు అడ్డం లేదు. ఎదుట సముద్రం, చేతిలో కడ్డీ. బండిని తానే నడుపుతున్నానన్న భావన అతనికి కలగడం సహజం. శ్రమను దృష్టిపథం నుంచి తొలగించడంలో ఇంత నేర్పు చూపిన వాహనం మరొకటి ఉండకపోవచ్చు. ఇండోచైనాలోనూ, మడగాస్కరులోనూ ఫ్రెంచివారు ముందు నుంచి లాగే రిక్షాకు కూడా ఈ పేరే పెట్టారు. పేరు ఒక్కటే అయినా పని వేరు.

ఇందులో మరొక వైరుధ్యం ఇమిడి ఉన్నది. ఫ్రెంచి ఇండియా 1871 నుంచి పారిస్ శాసనసభకు ప్రతినిధిని ఎన్నుకొనేది. పురుషులకు ఓటు హక్కు ఉండేది. అంటే వెనుక నుంచి బండి తోసే మనిషి కాగితం మీద ఓటరు కావచ్చు. ఓటర్ల జాబితాలను యూరపువారికీ భారతీయులకూ వేర్వేరుగా ఉంచి, ఆ హక్కు బలాన్ని సగం హరించారన్నది వేరే కథ.

మిల్లు కార్మికుల గొంతు కనీసం చరిత్రలోకి ఎక్కింది. 1936 జూలై 30న పుదుచ్చేరిలో సమ్మె చేస్తున్న నూలుమిల్లు కార్మికులపై కాల్పులు జరిగి 12 మంది మరణించారు. మరుసటి సంవత్సరం ఎనిమిది గంటల పనిదినం చట్టబద్ధమైంది. ఆ అమరులకు నేటికీ నివాళులు అర్పిస్తున్నారు. బాడుగకు బండి తోసేవానికి మిల్లు గోడ లేదు, హాజరుపట్టీ లేదు. ఒకరి వెనుక ఒకరుగా విడివిడిగా పనిచేసేవారిని సంఘటితం చేయడం సులువు కాదు. అతని పనిగంటలను ఏ చట్టం లెక్కించగలదు?

సైకిల్ రిక్షా వచ్చిన తరువాత పూస్-పూస్ క్రమంగా కనుమరుగైంది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారతదేశానికి బదిలీ అయింది; న్యాయపరమైన విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. పొరుగున తమిళనాడు 1973లో చేతిరిక్షాలను రద్దు చేసి, లాగేవారికి సైకిల్ రిక్షాలు ఇచ్చింది. మహారాష్ట్రలోని మాథేరాన్ కొండ విడిదిలో మాత్రం విహారయాత్రికుల కోసం మనుషులు రిక్షాలు లాగడం ఇటీవలి దాకా సాగింది. ఆరు నెలలలో దానిని నిలిపివేయాలనీ, లాగేవారికి విద్యుత్ రిక్షాలతో జీవనోపాధి చూపాలనీ సుప్రీం కోర్టు 2025 ఆగస్టులో ఆదేశించింది. నిషేధంతో పాటు బతుకుతెరువును కూడా ప్రస్తావించడం ఆ తీర్పులోని విశేషం. వాహనాన్ని తీసివేయడం తేలిక. దానిపై ఆధారపడిన ఇంటిని నిలబెట్టడం కష్టం.

నేడు సాయంత్రమైతే పుదుచ్చేరి సముద్రతీర రహదారిపై వాహనాలను ఆపివేస్తారు. ఊరివారూ, యాత్రికులూ కాలినడకన తిరుగుతారు. అక్కడికి కొద్ది దూరంలో, సెయింట్ లూయీ వీధిలోని మ్యూజియం తన సేకరణలో పూస్-పూస్‌ను భద్రపరిచింది. చూడవచ్చినవారి దృష్టి ముందుగా కుర్చీ మీదకు, ఇనుప కడ్డీ మీదకు పోతుంది. బండి వెనుకకు నడిచి వెళ్ళినవారికి, తోసినవారు చేతులు ఆనించిన చోటు కనిపిస్తుంది.