మేళం నుంచి మహాసమ్మేళనం దాకా: కూచిపూడి సభానిర్వహణలో సామాజిక బాధ్యత

ఉపోద్ఘాతం

కూచిపూడిని గురించిన తెలుగు పరిశోధన ఎక్కువగా సిద్ధేంద్రయోగి కాలనిర్ణయం, కలాపాల, యక్షగానాల పాఠపరిశీలన, నృత్యరీతి శాస్త్రీయత అనే అంశాల చుట్టూ సాగింది. ప్రదర్శనను ఎలా ఏర్పాటు చేసేవారు, దాని భారం ఎవరు మోసేవారు, వేదికపై ఎవరికి చోటుండేది, ఆట ముగిశాక ఊరికి ఏమి మిగిలేది అనే ప్రశ్నలకు అంత ప్రాధాన్యం దక్కలేదు. ఈ ప్రశ్నలనే నేటి నిర్వహణశాస్త్రం ‘సుస్థిర సభానిర్వహణ’ అనే పేరుతో చర్చిస్తున్నది. 2007లో వెలువడిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8901 ఆధారంగా, లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012లో ఐఎస్ఓ 20121 అనే అంతర్జాతీయ ప్రమాణం రూపుదిద్దుకొన్నది. సభను పర్యావరణం, సమాజం, ఆర్థికం అనే మూడు కోణాల నుంచి తూచాలన్నది దాని సారాంశం. ఈ మూడింటితో కూచిపూడి సభాచరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మేళం: తక్కువ సామగ్రి, ఇరుకైన ప్రవేశం

భాగవత మేళం ఊరూరా తిరిగి ఆడే బృందం. దానికి స్థిరమైన రంగస్థలం లేదు. గుడి ముందరి ఖాళీ స్థలమో, ఊరి నడిబొడ్డో వేదికయ్యేది. తెర అంటే ఇద్దరు మనుషులు పట్టుకొనే గుడ్డ. సత్యభామ తన జడను ఆ తెరపై వేసి ప్రవేశించడం భామాకలాపంలో ప్రసిద్ధ ఘట్టం. వెలుతురు ఆముదపు దివిటీలది. ముఖ్యపాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీపై గుగ్గిలం చల్లి మంట ఎగిసేటట్లు చేసేవారు. సూత్రధారుడు, హాస్యగాడు, గాయకుడు, మద్దెలగాడు, తాళం పట్టేవాడు ఉంటే రాత్రంతా ఆట సాగేది. తెల్లవారేసరికి మేళం తన సరంజామాతో కదిలిపోయేది. తెచ్చినదంతా తీసుకుపోయే ఇలాంటి సభ ఊరికి వదిలే చెత్త స్వల్పం.

ఆర్థిక కోణంలో చూస్తే, గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) భాగవతుల ఆటకు మెచ్చి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెప్తున్నది. 1763 నాటి పంపకపత్రం గ్రామభూమిని పదిహేను ఇంటిపేర్ల కుటుంబాల మధ్య విభజించింది. భూవసతి ఉన్న కళాకారుడు ఆట లేని రోజుల్లోనూ నిలబడగలడు. ఒక్కొక్క ప్రదర్శనకు ఇచ్చే పారితోషికంతో సరిపెట్టక కళాకారుని ఏడాది జీవనాన్ని లెక్కలోకి తీసుకొన్న ఏర్పాటుగా దీనిని గుర్తించవచ్చు.

మేళం నిర్వహించిన సామాజిక బాధ్యతకు మాచుపల్లి కైఫీయతు ఆధారమిస్తున్నది. సిద్ధవటం సీమలో సంబెట గురవరాజు సాగించిన దురాగతాలను కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట కేళికగా ఆడి చూపారని అందులోని కథనం. ప్రభువు ఇచ్చే సంభావన తీసుకొంటూనే ప్రజల బాధను ఆయన చెవిన వేయడం ఆ మేళానికి సాధ్యమైంది.

అయితే అదే పంపకపత్రం వేరొక సత్యాన్ని కూడా చెప్తున్నది. పదిహేను ఇళ్ళకు దక్కిన హక్కు మిగిలినవారికి గోడ అయింది. సత్యభామ పాత్రను బ్రాహ్మణ పురుషుడే ధరించాలి. జీవితంలో ఒక్కసారైనా ఆ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు బాలుర చేత ప్రతిజ్ఞ చేయించాడన్న ఐతిహ్యం ఈ కట్టుబాటుకు పవిత్రత కల్పించింది. స్త్రీలకు ఆ మేళంలో చోటు లేదు. హర్షిత మృత్తింటి కామత్ 2019లో ప్రచురించిన గ్రంథం కూచిపూడి గ్రామంలో ఈ స్త్రీవేషధారణకూ బ్రాహ్మణ పురుషాధికారానికీ గల సంబంధాన్ని విశ్లేషించింది. కనుక మేళాన్ని పర్యావరణదృష్టితో మెచ్చుకొని అంతటితో ఆగితే పరిశీలన అసంపూర్ణమవుతుంది.

సదస్సు: పీఠంపై ఎవరు?

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాక తెలుగువారికి తమదైన శాస్త్రీయ నృత్యం ఉన్నదని నిరూపించడం సాంస్కృతిక అవసరమైంది. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నిర్వహించిన నృత్యసదస్సులో విస్సా అప్పారావు కూచిపూడిపై పత్రం సమర్పించారు. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో కూచిపూడి సదస్సు జరిపింది. బందా కనకలింగేశ్వరరావు వంటివారి కృషి ఈ దశలో కీలకం. మేళం ప్రేక్షకుల కోసం ఆడింది. సదస్సు విద్వాంసుల అంగీకారం కోసం వాదించింది. శాస్త్రీయత గుర్తింపు, దాని వెంట వచ్చిన పాఠ్యప్రణాళిక ఈ సభలు మిగిల్చిన ఫలాలు.

ఈ కాలంలోనే ప్రవేశం ఒక వైపు విస్తరించింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి అంతకుముందే స్త్రీలకు విద్య నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ నుంచి స్త్రీలు పెద్దసంఖ్యలో నర్తకులుగా వెలువడ్డారు. మరొక వైపు ఒక తలుపు మూసుకొన్నది. కృష్ణా, గోదావరి మండలాల్లో పదాలు, జావళీలు అభినయిస్తూ వచ్చిన కళావంతుల స్త్రీల జీవనం 1947 నాటి దేవదాసీ నిషేధ చట్టంతో తలకిందులైంది. కొత్త శాస్త్రీయ నృత్యచరిత్రలో వారికి ఆచార్యపీఠం దక్కలేదు. దవేశ్ సోనేజీ 2012 నాటి గ్రంథం కోస్తాంధ్ర కళావంతుల జ్ఞాపకాలలో మిగిలిన నృత్యసంపదను నమోదు చేసింది. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వ, పదకర్త క్షేత్రయ్య ఊరుగా ప్రసిద్ధం. ఆ పదాలను తరాలుగా కాపాడినవారికి సదస్సులో పీఠం లేకపోవడం ఈ దశలోని ప్రధాన లోపం.

మహాసమ్మేళనం: పరిమాణం తెచ్చిన మార్పు

21వ శతాబ్దిలో నిర్వాహకులు మారారు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర 2008లో కాలిఫోర్నియాలోని క్యూపర్టినోలో అంతర్జాతీయ కూచిపూడి నాట్యసమ్మేళనం జరిపింది. తరవాతి సమ్మేళనాలు హైదరాబాదులోను, 2016 డిసెంబరులో విజయవాడలోను జరిగాయి. వేలమంది ఒకేసారి నర్తించిన ప్రదర్శనలు గిన్నిస్ పుస్తకానికెక్కాయి. కులం, దేశం అడ్డులేకుండా ఇంతమందికి వేదిక దొరకడం మేళం నాటికి ఊహకందని విషయం.

కాని సభ పరిమాణం కళాస్వరూపాన్నీ నిర్ణయిస్తుంది. మేళంలో పాత్రధారి స్వయంగా పాడేవాడు, సంభాషించేవాడు, దివిటీ వెలుగులో కనుబొమ కదలికతో కోపం చూపేవాడు. క్రీడామైదానంలో వేలమంది ఏకకాలంలో ఆడాలంటే ఒకే తాళంలో, ఒకే కొలతలో సాగే తిల్లానా వంటి శుద్ధనృత్యాంశమే అనువైనది. వాచికం, హాస్యగాడి సమయస్ఫూర్తి, సాత్వికాభినయం అక్కడ ఇమడవు. అంటే సభానిర్వహణ నిర్ణయం చివరికి సాహిత్యనిర్ణయంగా మారుతున్నది. ఏ రచన ఆడబడుతుందో, ఏది మరుగున పడుతుందో మైదానం కొలతలే తేలుస్తున్నాయి. వేలమంది ప్రయాణం, భోజనం, నీటి సీసాలు మోపే పర్యావరణభారం దీనికి అదనం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, అలంకరణ థర్మాకోల్ దేశమంతటా నిషిద్ధమైనందున ఇది ఇప్పుడు చట్టపరమైన బాధ్యత కూడా.

సమ్మేళనం జరిగిన నగరానికీ కళ పుట్టిన గ్రామానికీ మధ్య దూరం మరొక సమస్య. ఈ దూరాన్ని తగ్గించే దిశలో అదే సంస్థ కూచిపూడిలో సంజీవని పేరిట ఆసుపత్రిని నెలకొల్పడం గమనార్హం. నాటి అగ్రహారదానం ఆట మెచ్చిన ప్రభువు ఊరికి ఇచ్చినది. ఆ పరంపరలో చూస్తే, కళ పేరుతో సమకూరిన ఆదరణలో కొంత ఊరికి తిరిగి చేరడం ఇక్కడా కనిపిస్తున్నది. తేడా ఒక్కటే: అగ్రహారం పదిహేను ఇళ్ళకు దక్కింది, ఆసుపత్రి గడప ఎవరైనా తొక్కవచ్చు.

ముగింపు

మేళం, సదస్సు, మహాసమ్మేళనం అనే మూడు దశల్లో ఏదీ సంపూర్ణమైన ఆదర్శం కాదు. మేళం భూమిపై తక్కువ భారం మోపి మనుషుల మధ్య గోడలు నిలిపింది. సదస్సు స్త్రీలకు దారి విశాలమవుతున్న కాలంలోనే కళావంతులను చరిత్ర అంచుకు నెట్టింది. మహాసమ్మేళనం తలుపులు బార్లా తెరిచినా వాచికాన్ని, గ్రామాన్ని దూరం చేసుకొన్నది. సుస్థిరతను చెత్తబుట్టల లెక్కకు పరిమితం చేస్తే ఈ చరిత్ర అర్థం కాదు.

రాబోయే సభలకు ఈ పరిశీలన నుంచి కొన్ని సూత్రాలు తేలుతున్నాయి. సమ్మేళనంలో ఒక రాత్రయినా కూచిపూడి గ్రామంలోనే సంపూర్ణ కలాపంగా, సజీవ గానంతో సాగాలి. కళావంతుల వారసులను అతిథులుగా గౌరవించడంతో ఆగక ఆచార్యులుగా పిలవాలి. వాద్యకారుల, గురువుల పారితోషికం సభావ్యయంలో తొలి పద్దు కావాలి. ఎంతమంది ఆడారన్న సంఖ్యతోపాటు సభ తరవాత ఊరికి ఏమి మిగిలిందో కూడా నివేదికలో నమోదు కావాలి. అలా నమోదైన నివేదికలే రేపటి కూచిపూడి చరిత్రకారునికి కైఫీయతులవుతాయి.