నోకాన్‌షి

జపాన్‌లో చనిపోయినవారి దేహాన్ని శుభ్రం చేసి, బట్టలు మార్చి, ముఖాన్ని సరిదిద్ది, ఇంటివాళ్ల కళ్లెదుటే శవపేటికలో ఉంచే వృత్తివారిని నోకాన్‌షి అంటారు. అంత్యక్రియలు జరిపించే సంస్థ హాలు, పురోహితుడు, వాహనం, దహనశాలలో వేళ వంటివి చూసుకుంటుంది. నోకాన్‌షి పని దేహం దగ్గర మొదలై పేటిక మూతతో ముగుస్తుంది. చిన్న ఊళ్లలో రెండూ ఒకరే చేయడమూ ఉంది.

పుట్టుక

ఈ వృత్తికి మూలం 1954 నాటి ఓడ ప్రమాదమని ఎక్కువమంది చెబుతారు. ఆ ఏడాది సెప్టెంబరు 26న తోయా మారు అనే రైల్వే ఓడ తుఫానులో చిక్కి, హొక్కైదో దీవిలోని హకోదాతే దగ్గర మునిగింది. మృతులు 1,153 మంది అనీ 1,155 మంది అనీ రెండు లెక్కలున్నాయి. సముద్రంలోంచి తీసిన దేహాలను బంధువులు చూడగలిగే స్థితికి తెచ్చి అప్పగించే పనిలో ఊరివాళ్లు సాయపడ్డారనీ, వారిలో కొందరికి తర్వాత అదే బతుకుతెరువైందనీ కథనం. దీన్ని కొట్టిపారేయలేం. కానీ ఒక రేవులో మొదలైన పని దేశమంతా ఎలా నిలదొక్కుకుందో దీంతో తేలదు.

అంతకుముందు దేహానికి స్నానం చేయించడం ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు కలిసి చేసుకునేవారు. 1951లో మరణాల్లో నూటికి 80కి పైగా ఇళ్లలోనే జరిగేవి. 1970ల నడుమ ఆసుపత్రి మరణాలు వాటిని దాటిపోయాయి. పెళ్లిళ్లకూ చావులకూ నెలనెలా సొమ్ము కట్టించుకునే పరస్పర సహాయ సంఘాలు 1948లో యొకొసుకాలో మొదలై, ఆ దశాబ్దాల్లోనే విస్తరించాయి. పని తెలిసిన పెద్దలు ఇళ్లలో కరువయ్యారు, ముందే డబ్బు కట్టిన సంస్థ చేతికి అందుబాటులో ఉంది. ఓడ ప్రమాదం కన్నా ఈ మార్పే వృత్తిని నిలబెట్టిందనుకోవడం సబబు.

పనితీరు

దేహాన్ని తల ఉత్తరానికి ఉండేలా పడుకోబెడతారు. బుద్ధుడి నిర్యాణ భంగిమ దీనికి ఆధారమంటారు. బతికున్నవాళ్లు అటు తలపెట్టి పడుకోకూడదన్న పట్టింపు అక్కడా ఉంది. ముందుగా దగ్గరివాళ్లు తడిపిన దూదితోనో ఆకుతోనో పెదవులు తడుపుతారు. స్నానం చేయిస్తే దాన్ని యుకాన్ అంటారు. ఇప్పుడు చాలాచోట్ల తడిగుడ్డతో తుడవడమే. నీళ్లు కలపడంలోనూ తిరగేసే ఆచారం ఉంది: చన్నీళ్లలో వేణ్నీళ్లు పోయాలి. కిమోనో కుడి అంచును ఎడమ అంచు మీదికి తెచ్చి కట్టడమూ అలాంటిదే, బతికున్నవాళ్లు ఎడమ అంచును పైకి తెస్తారు. మన పితృకర్మల్లో జంధ్యాన్ని అపసవ్యం చేసుకునేవారికి ఈ తర్కం కొత్తేమీ కాదు.

చేతి నేర్పు తెలిసేది బట్టలు మార్చేటప్పుడు. ఎదురుగా కుటుంబమంతా కూర్చుని ఉంటుంది, దేహం మాత్రం రవ్వంత కూడా బయటపడకూడదు. పైన కప్పిన వస్త్రం కింద చేతులు పెట్టి, బిగుసుకున్న మోచేతుల్నీ వేళ్లనీ మెల్లగా నిమిరి సడలించి, పాత బట్ట జారుస్తూనే కొత్తది తొడుగుతారు. గడ్డం గీస్తారు, పీక్కుపోయిన బుగ్గల లోపల దూది పెడతారు. రంగు ఎంత వేయాలో ఇంటివాళ్లను అడుగుతారు. చనిపోయినది తల్లయితే ఆమె మామూలుగా ఏ లిప్‌స్టిక్ వేసుకునేదో కూతురికి తెలుస్తుంది కాబట్టి దాన్ని తెప్పించి, వేయడం కూడా కూతురికే అప్పగిస్తారు. కాళ్లకు మేజోళ్లు తొడగడం, తాళ్లు ముడివేయడం వంటివీ మనవళ్ల చేత చేయిస్తారు. అన్నీ తామే త్వరగా ముగించగలిగి కూడా ఇలా ఆగడం ఈ పనిలో నేర్చుకోవలసిన పాఠం. మొత్తం తంతు సుమారు గంట పడుతుంది.

పరలోకపు నది దాటడానికి ఆరు నాణేలు పెడతారు. లోహాన్ని దహనశాలలు ఒప్పుకోవు కనుక ఇప్పుడు కాగితం మీద అచ్చువేసినవే. జోదో షిన్షూ బౌద్ధులు మాత్రం మరణించిన క్షణమే సుఖావతి అనే పుణ్యలోకంలో పుట్టుక అని నమ్ముతారు, కాబట్టి ఈ ప్రయాణపు సరంజామా వద్దంటారు.

అవోకి షిన్‌మోన్

ఈ పనికి సాహిత్య గౌరవం తెచ్చినవాడు తొయామా ప్రాంతానికి చెందిన అవోకి షిన్‌మోన్ (1937–2022). వాసేదా విశ్వవిద్యాలయం చదువు మధ్యలో ఆపి, నడిపిన బారు దివాలా తీశాక, 1973లో అంత్యక్రియల సంస్థలో చేరాడు. చావు మైల అంటించుకునే పనిగా జపాన్ సమాజం దీన్ని చిన్నచూపు చూసేది. వంశానికి మచ్చ తెచ్చావంటూ బాబాయి అతన్ని నిందించాడు. ఒకనాడు వెళ్లిన ఇల్లు తన పాత ప్రియురాలిదని తెలిసింది. ఆమె తండ్రి దేహాన్ని సిద్ధం చేస్తుంటే ఆమె పక్కన కూర్చుని అతని నుదుటి చెమట తుడిచింది. ఆ తర్వాతే అవోకి వైద్య సామగ్రి దుకాణంలో తెల్లకోటు కొనుక్కుని, పద్ధతిగా పనిచేయడం మొదలుపెట్టాడు. జనం పిలిచే తీరూ మారింది. ఈ అనుభవాలతో రాసిన ‘నోకాన్‌ఫు నిక్కి’ 1993లో వెలువడింది.

వారణాసి చూసి వచ్చిన నటుడు మొతోకి మసహిరో ఆ పుస్తకం చదివి సినిమాగా తేవాలని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. తకితా యోజిరో దర్శకత్వంలో 2008లో వచ్చిన ‘ఓకురిబితో’ మరుసటి ఏడాది ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అందులో అవోకి పేరు లేదు, ఆయనే వద్దన్నాడు. కథను తొయామా నుంచి యమగతాకు మార్చడం నచ్చలేదని ఒక వివరణ, పుస్తకంలోని మతచింతనను వదిలేశారని మరొకటి. పుస్తకం చివరి భాగమంతా జోదో షిన్షూ స్థాపకుడు షిన్‌రాన్ బోధల గురించే కనుక రెండోదే బలంగా తోస్తుంది.

ఇటీవలి కాలం

సినిమా తర్వాత యువత, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ వైపు వచ్చారు. ప్రభుత్వ లైసెన్సు లేదు. సంస్థల్లో పనిచేస్తూ నేర్చుకోవడమే ఆనవాయితీ, 2013 నుంచి టోక్యోలో ఓకురిబితో అకాడమీ ఉంది. 2011 మార్చి 11 సునామీ వేళ ఇవాతే ప్రాంతపు ససహర రుమికో డబ్బు తీసుకోకుండా 300 మందికి పైగా మృతుల ముఖాలను పూర్వరూపానికి తెచ్చింది. దేశంలో ఏటా మరణాలు 2022లో 15 లక్షలు దాటాయి. పెద్ద నగరాల్లో దహనశాల వేళ కోసం రోజుల తరబడి ఆగవలసి వస్తుండటంతో, డ్రై ఐస్ మార్చుతూ దేహాన్ని కాపాడటమూ ఇప్పుడు వీరి పనిలో భాగమైంది.