జలచర ఆరోగ్య శాస్త్రం: ఆంధ్రప్రదేశ్‌లో పశువైద్యుల స్నాతకోత్తర విద్య

చేపలు, రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు మొదలైన నీటి జీవులకు వచ్చే వ్యాధుల కారణాలను, వ్యాప్తిని, నిర్ధారణను, నివారణను అధ్యయనం చేసే విద్యాశాఖకు జలచర ఆరోగ్య శాస్త్రం అని పేరు. పశువైద్య పట్టా పొందినవారు ఈ శాఖలో ఉన్నత విద్యను అభ్యసించడం ఐరోపా, అమెరికాలలో ఇరవయ్యో శతాబ్ది చివరి మూడు దశాబ్దాలలో స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పశువైద్య విద్య, మత్స్య విద్య వేర్వేరు కళాశాలల్లో, వేర్వేరు పట్టాలతో ఎదిగినందువల్ల, చేపల, రొయ్యల వ్యాధులపై స్నాతకోత్తర బోధన ప్రధానంగా మత్స్య కళాశాలలకు చెందింది. పశువైద్యులు తమ సొంత శాఖలైన రోగవిజ్ఞానం, సూక్ష్మజీవశాస్త్రం, పరాన్నజీవిశాస్త్రం, ఔషధశాస్త్రాల ద్వారా దానిని చేరుకోవలసి వచ్చింది.

ప్రపంచ నేపథ్యం

చేపల వ్యాధులను శాస్త్రీయంగా క్రోడీకరించిన తొలి గ్రంథాలలో ఒకటి జర్మనీకి చెందిన బ్రూనో హోఫర్ 1904లో ప్రచురించిన కరదీపిక. పశువుల అంటువ్యాధుల నియంత్రణకు 1924లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ 1960లో చేపల వ్యాధుల కోసం ప్రత్యేక సంఘాన్ని నియమించి, 1995లో జలచరాల ఆరోగ్య నియమావళిని వెలువరించింది. బోధన విషయానికి వస్తే, గ్లాస్గోలో పశువైద్యం చదివిన రోనాల్డ్ రాబర్ట్స్ 1971లో స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో జలచర రోగవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పగా, కాలక్రమంలో అక్కడ పశువైద్య పట్టభద్రుల కోసమే ప్రత్యేకమైన ఎమ్మెస్సీ కోర్సు రూపొందింది. అమెరికాలో కార్నెల్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల పశువైద్య కళాశాలలు 1977లో ఆక్వావెట్ అనే శిక్షణను కలిసి ప్రారంభించాయి. ఈ ప్రయత్నాలన్నింటికీ చేపను కూడా ఆవు, కోడి వలెనే పశువైద్యుని పరిధిలోని జీవిగా చూడాలన్న భావనే ఆధారం.

ఆంధ్రలో రెండు విద్యల ఎడబాటు

ఆంధ్ర ప్రాంతపు పశువైద్య కళాశాల 1955లో అప్పటి గుంటూరు జిల్లాలోని బాపట్లలో మొదలై, అనంతరం తిరుపతికి తరలింది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అది భాగమయింది. ఒంగోలు జాతి పశువుల పోషణ, ముర్రా గేదెల అభివృద్ధి, గొంతువాపు, గాలికుంటు వంటి వ్యాధుల నివారణ, తరువాతి కాలంలో కోళ్ల పరిశ్రమ ఆ విద్యకు కేంద్రాలుగా ఉండేవి. బాపట్ల తీరంలో చేపల వేట ఎంత విస్తారంగా సాగినా, వేటలో దొరికే చేపకు వైద్యం అన్న ప్రశ్నే తలెత్తదు గనుక, జలచరాల వ్యాధులు ఆ పాఠ్యక్రమంలో ప్రధాన స్థానాన్ని పొందలేదు.

దేశంలో మొదటి మత్స్య కళాశాల 1969లో మంగళూరులో ఆరంభమయింది. అంతకు ముందే 1961లో బొంబాయిలో స్థాపితమైన కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ 1989లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది; కాకినాడలో దానికి ఒక కేంద్రం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యశాస్త్ర కళాశాల 1991లో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందనే ఏర్పడింది. ఆ విధంగా పశువైద్య పట్టభద్రుడు ఎంవీఎస్సీకి, మత్స్యశాస్త్ర పట్టభద్రుడు ఎంఎఫ్ఎస్సీకి వెళ్లే పద్ధతి స్థిరపడింది. ఎంఎఫ్ఎస్సీ ప్రవేశానికి సాధారణంగా మత్స్యశాస్త్ర పట్టా అయిన బీఎఫ్ఎస్సీనే అర్హతగా అడగడం వల్ల, పశువైద్యులకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

వ్యాధులు రూపొందించిన పాఠ్యక్రమం

ఈ శాఖ ఎదుగుదలకు విద్యాలయాల ప్రణాళికల కంటె చెరువులలో చెలరేగిన వ్యాధులే ఎక్కువగా కారణమయ్యాయి. కొల్లేటి సరస్సు పరిసరాలలో బొచ్చె, రోహు, మ్రిగాల చేపల సాగు విస్తరించిన తరువాత, 1988లో భారతదేశంలో ప్రవేశించిన పుండ్ల వ్యాధి కొద్ది కాలంలోనే ఆంధ్ర ప్రాంతాన్ని తాకింది. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు వంటి జీవి చేప కండరాలలోనికి చొచ్చుకుపోయి లోతైన పుండ్లు కలిగించడం ఈ వ్యాధి లక్షణం. చేప శరీరాన్ని అంటిపెట్టుకుని రక్తం పీల్చే ఆర్గులస్ అనే పేను కూడా సాగుదారులకు నిత్య సమస్యగా మారింది.

1994లో దేశ తీరాన్ని చేరిన తెల్లమచ్చల వైరస్ వీటన్నింటిని మించిన దెబ్బ తీసింది. టైగర్ రొయ్యల చెరువులో ఈ వైరస్ ప్రవేశిస్తే మూడు నుండి పది రోజులలో పంట మొత్తం చనిపోయే అవకాశం ఉండడంతో, నెల్లూరు, ప్రకాశం, గుంటూరు తీరాలలో అప్పులు చేసి చెరువులు తవ్వినవారు తీవ్రంగా నష్టపోయారు. ఈ సంక్షోభం పశువైద్య విజ్ఞానపు పరిమితిని కూడా బయటపెట్టింది: రొయ్యలో వెన్నెముకగల జీవులలో వలె ప్రతిరక్షకాలు తయారు కావు గనుక, కోళ్లకు, పశువులకు పనిచేసే టీకాల పద్ధతి దానికి వర్తించదు. అందుచేత వ్యాధిరహితమైన తల్లి రొయ్యలను ఎంపిక చేయడం, రొయ్య పిల్లలలో వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షతో తేల్చడం, చెరువులోనికి వ్యాధికారకాలు రాకుండా కట్టుదిట్టం చేయడం ఈ శాఖలో చికిత్స కంటె ముఖ్యమైన పాఠాలయ్యాయి. 2009లో వనామి అనే మరో జాతి రొయ్యల పెంపకానికి అనుమతి ఇచ్చినపుడు నిర్దిష్ట వ్యాధులు లేని తల్లి రొయ్యలనే దిగుమతి చేసుకోవాలన్న నిబంధనకు మూలం ఇదే. అయినా, రొయ్య కాలేయాన్ని ఆశ్రయించి ఎదుగుదలను కుంటుపరచే ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి తరువాతి దశలో కొత్త సమస్యగా వచ్చింది. 2013లో జలచర వ్యాధుల జాతీయ నిఘా కార్యక్రమం ఆరంభమయ్యాక జిల్లాలవారీగా నమూనాల సేకరణ క్రమబద్ధమయింది.

ఒకే విశ్వవిద్యాలయం, రెండు శాఖలు

2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలతో పాటు ముత్తుకూరు మత్స్య కళాశాల కూడా దాని కిందికి వచ్చింది. పాలనాపరంగా రెండు విద్యలు ఒకే గొడుగు కిందికి చేరినా, పట్టాలు, ప్రవేశ అర్హతలు, ఉద్యోగ మార్గాలు విడివిడిగానే కొనసాగాయి. 2020లో ప్రత్యేక మత్స్య విశ్వవిద్యాలయం కోసం చట్టం వచ్చి, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దానికి కేంద్రంగా నిర్ణయమైన పిమ్మట, ముత్తుకూరు కళాశాల ఆ సంస్థకు మారడంతో ఆ పాలనా బంధం కూడా తెగింది. తెలంగాణలో 2014 తరువాత ఏర్పడిన పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం మాత్రం వనపర్తి జిల్లా పెబ్బేరు మత్స్య కళాశాలను తనలో నిలుపుకుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలలో పశుసంవర్ధక సహాయకులను, మత్స్య సహాయకులను వేర్వేరు పదవులుగా సృష్టించడం ఇదే విభజనకు క్షేత్రస్థాయి రూపం.

పశువైద్యుల ప్రత్యేక అవసరం

ప్రత్తిపాడు, పర్చూరు పరిసరాల నల్లరేగడి భూములలో పత్తి, మిరప పైర్లపై చల్లే పురుగుమందులు జలచర ఆరోగ్య శాస్త్రం పశువైద్యులకు ఎందుకు అవసరమో ఒక కోణంలో స్పష్టం చేస్తాయి. ఆ పొలాల మురుగునీరు నల్లమడ వంటి వాగుల గుండా బాపట్ల తీరం వైపు సాగుతుంది. సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు పశువులకు తక్కువ హానికరమైనా, చేపలకు, రొయ్యలకు అతి స్వల్ప పరిమాణంలోనే ప్రాణాంతకాలు. ఆర్గానోఫాస్ఫేటు విషం ఎక్కిన గేదెకు అట్రోపిన్ ఇచ్చి బతికించే వైద్యుడు, చెరువులో చేపలన్నీ ఒక్కసారిగా చచ్చి తేలినపుడు అది విషమా, ప్రాణవాయువు కొరతా, అంటురోగమా అని తేల్చాలంటే నీటి రసాయనశాస్త్రం కూడా నేర్చుకుని ఉండాలి.

మందుల అవశేషాలు రెండో కోణం. 2000ల తొలి సంవత్సరాలలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల జాడ కనిపించిన రొయ్యల సరుకును ఐరోపా దేశాలు తిరస్కరించాక, భారత ప్రభుత్వం ఆక్వా సాగులో అటువంటి మందులను నిషేధించింది. మందు వాడిన తరువాత పట్టుబడికి ముందు ఎన్ని రోజులు ఆగాలి, సూక్ష్మజీవులు మందులకు లొంగని స్థితి ఎలా ఏర్పడుతుంది అన్నవి పశువైద్య ఔషధశాస్త్రం బోధించే అంశాలే. అయితే చెరువు గట్టున సలహా ఇచ్చేది తరచుగా టెక్నీషియన్లు, మేత కంపెనీల, మందుల దుకాణాల ప్రతినిధులు.

నార్వే 2001 నాటి చట్టం ద్వారా పశువైద్యులకు, ప్రత్యేకంగా చదివిన జలచర వైద్య జీవశాస్త్రజ్ఞులకు చేపలకు మందులు రాసే అధికారాన్ని సమానంగా ఇచ్చి ఇటువంటి చిక్కును పరిష్కరించుకుంది. భారతదేశంలో 1984 నాటి పశువైద్య మండలి చట్టం పశువైద్యుల నమోదును, వృత్తి హక్కులను నిర్ణయించింది గాని, మత్స్యశాస్త్ర పట్టభద్రులకు సమానమైన వృత్తి మండలి లేదు. ఫలితంగా చికిత్స హక్కు ఒక పట్టా వెంట, చెరువును గూర్చిన లోతైన పరిచయం మరొక పట్టా వెంట నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పశువైద్యులకు ఈ శాఖలో ప్రత్యేక స్నాతకోత్తర విద్య కావాలన్న వాదనకు ప్రధాన ఆధారం ఈ వ్యత్యాసమే.