జానపద సీరియల్

రాజకుమారులు, మాంత్రికులు, రాక్షసులు, కొండగుహలు, పాడుబడ్డ కోటల మధ్య నడిచే సాహస కథను నెలకో భాగం చొప్పున అందించిన తెలుగు రచనా ప్రక్రియ జానపద సీరియల్. 1950ల నుంచి 1970ల చివరి వరకు దీనికి ప్రధాన వేదిక మద్రాసు నుంచి వెలువడిన ‘చందమామ’. పేరులో జానపదం ఉన్నా ఇవి జనం నోట పుట్టి తరతరాలుగా సాగిన కథలు కావు. ఆ కథల్లోని సామగ్రిని తీసుకుని ఒక రచయిత కొత్తగా అల్లిన నవలలు.

పూర్వరంగం

ఈ ప్రక్రియకు కావలసిన దినుసులన్నీ తెలుగువారికి ముందే ఉన్నాయి. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు బాలనాగమ్మ కథ ద్వారా పల్లెపల్లెకూ తెలుసు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీయాత్ర పొడుగునా ఒక్కో మజిలీలో ఒక్కో కథ చెబుతూ గోపాలుడిని ముందుకు నడిపిస్తాడు. కథను ఆపి, వినేవాడిని మర్నాటి కోసం ఎదురుచూసేలా చేసే ఆ పద్ధతే తరువాత మాసపత్రికకు అతికినట్టు సరిపోయింది. 1951లో విడుదలైన ‘పాతాళభైరవి’ చిత్రంలో తోటరాముడు, నేపాళ మాంత్రికుడు ఈ లోకాన్ని వెండితెరకు ఎక్కించారు. ఆ చిత్రాన్ని నిర్మించిన బి. నాగిరెడ్డి, చక్రపాణి అప్పటికే చందమామ అధిపతులు.

పిల్లల కోసమే పత్రిక నడపడం చందమామ వచ్చేనాటికి కొత్త కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ను ప్రారంభించారు. 1947 జులైలో చందమామ తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. కొడవటిగంటి కుటుంబరావు 1952లో సంపాదక బాధ్యత చేపట్టి 1980లో మరణించే వరకు కొనసాగారు. చిన్న వాక్యం, వాడుక మాట, తడుముకోనక్కర్లేని కథనం చందమామ శైలిగా స్థిరపడింది ఆయన చేతుల్లోనే.

చందమామ సీరియళ్లు

జానపద సీరియల్‌కు పూర్తి రూపం ఇచ్చినవారు దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరిన ఆయన 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టారు. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ వరుసగా వచ్చాయి. మధ్యలో కొంతకాలం బంకిం చంద్రుడి ‘దుర్గేశనందిని’ వంటివి ఆ పేజీల్లో చోటు చేసుకున్నాయి. 1966లో ‘పాతాళదుర్గం’తో మాంత్రికులు మళ్లీ తిరిగివచ్చారు. శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం ఆ తరువాతివి. 1978లో మొదలైన ‘భల్లూక మాంత్రికుడు’ ఈ వరుసలో పన్నెండోది, చివరిది.

వీటికి బొమ్మలు వేసిన ‘చిత్ర’ అసలు పేరు టి.వి. రాఘవన్. రాక్షసుడి కోరలు, గుహ ద్వారం, విరిగిన స్తంభం, మొసలి వీపు మీద రౌతు ఎలా ఉంటారో రెండు తరాల పాఠకులు ఆయన గీతల్లోనే చూశారు. బేతాళ కథల బొమ్మలతో ప్రసిద్ధుడైన శంకర్, ముఖచిత్రాల వడ్డాది పాపయ్య ఆ కాలపు చందమామకు రూపునిచ్చిన తక్కిన చేతులు.

కథా నిర్మాణం

కథ సాధారణంగా ఇద్దరు యువకుల ప్రయాణంగా సాగుతుంది. ఇద్దరి బలాలూ ఒకటి కావు. యక్షపర్వతంలో ఖడ్గవర్మది కత్తి బలం, జీవదత్తుడిది మంత్రదండం, యుక్తి. శిథిలాలయంలో శబర యువకుడు శిఖిముఖికి, క్షత్రియుడు విక్రమకేసరికి స్నేహం కుదురుతుంది. అడవి తెలిసినవాడు, రాచరికం తెలిసినవాడు ఒకరికొకరు ఆసరా అవుతారు. దారిలో కలిసేవారిలో ఎవరు మిత్రులో ఎవరు ద్రోహులో వెంటనే తేలదు. ప్రతి భాగం ఒక ప్రమాదపు అంచున ఆగుతుంది. వచ్చే నెల భాగం జరిగిన కథ సారాంశంతో తెరుచుకుంటుంది. ఆ నాలుగు వాక్యాల వల్ల మధ్యలో ఒక సంచిక దొరకని పిల్లలూ కథను అందుకోగలిగేవారు.

బల్లపై ఆటగా సాహసం

ఇలాంటి సామగ్రి నుంచే అమెరికాలో మరో రూపం పుట్టింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలో వీరుడి పాత్ర తీసుకుని తామేం చేస్తారో చెబుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. ఈ ఆటనూ పత్రికలే పెంచాయి. ఆట ప్రచురణ సంస్థ 1975లో ‘ది స్ట్రాటెజిక్ రివ్యూ’ను, 1976లో దాని స్థానంలో ‘ది డ్రాగన్’ను తెచ్చింది. బ్రిటన్‌లో 1977లో ‘వైట్ డ్వార్ఫ్’ మొదలైంది.

తెలుగు సీరియల్‌కు ఈ ఆటతో నేరు సంబంధం లేదు. కానీ పాతాళంలోని కోట, కాపలా ఉన్న నిధి, తలో విద్య తెలిసిన సహచరుల బృందం ఆ ఆటకు దాదాపు ఇరవై ఏళ్ల ముందే తెలుగు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఆటలో నిర్ణయం ఆటగాడిది. సీరియల్‌లో నిర్ణయం రచయితదే అయినా, తరువాతి సంచిక వచ్చేదాకా నెల రోజుల పాటు ఊహ మాత్రం పాఠకుడిది.

కాగితం, బైండు పుస్తకాలు

పత్రిక ఆయుష్షు కాగితం మీద ఆధారపడుతుంది. తెలుగు నేల మీద కాగితానికి పేరు కాగజ్‌నగర్. ఒకప్పటి కొత్తపేటకు ఆ పేరు సిర్పూర్ పేపర్ మిల్లు వల్ల వచ్చింది. నిజాం రాజ్యంలో 1938లో ఏర్పడిన ఈ మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పట్లో దానికి ముడిసరుకు ఆదిలాబాద్ అడవుల వెదురు. వెదురు గుజ్జును రసాయనాలతో ఉడికించినప్పుడు లిగ్నిన్ చాలావరకు తొలగిపోతుంది. కర్రను రుబ్బి చేసే చవక న్యూస్‌ప్రింట్‌లో అది మిగిలే ఉంటుంది. గాలికి, వెలుతురుకు ఆ కాగితం పసుపుబారి, మడతల దగ్గర పెళుసుగా విరుగుతుంది. చవక కాగితం మీద అచ్చయిన పాత పత్రికలు పొడిపొడిగా రాలడానికి ఇదే కారణం.

ఈ నష్టాన్ని కొంత ఆపింది పాఠకుల అలవాటే. నెలనెలా సీరియల్ పేజీలు విడదీసి, కథ పూర్తయ్యాక వరుసగా కుట్టి అట్ట వేసి బైండు చేయించుకోవడం అప్పట్లో తెలుగు ఇళ్లలో మామూలు సంగతి. పుస్తకంగా రాని కథ అలా ఇంటింటా పుస్తకమైంది.

తరువాతి కాలం

2007లో చందమామ యాజమాన్యం జియోడెసిక్ సంస్థకు మారింది. పాత సంచికలు డిజిటల్ రూపంలోకి వచ్చినా, కొద్ది సంవత్సరాలకే అచ్చు పత్రిక ఆగిపోయింది. అమెరికాలో ‘డ్రాగన్’ తొలి 250 సంచికలు 1999లో సీడీల మీద వెలువడ్డాయి. అచ్చులో అదీ 2007లో నిలిచిపోయింది.

చందమామ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. దశాబ్దాల పాటు చదివినవారికి కూడా అవి ఎవరివో తెలిసేది కాదు. పాత సంచికలు దాచుకుని, వాటి గురించి రాసి, మాట్లాడుకున్న పాఠకుల వల్లనే దాసరి సుబ్రహ్మణ్యం పేరు వెలుగులోకి వచ్చింది. ఆయన 2010 జనవరిలో మరణించారు. చందమామ చిత్రకారుల్లో ఆ తరం చివరివాడైన శంకర్ 2020లో, తొంభై ఏడో ఏట కన్నుమూశారు.